రెండు రేకుల వాల్వ్: ఎవర్ని లెక్కపెడితే ఆ లెక్క

హెర్నియా ఆపరేషన్‌కని హాస్పిటల్‌లో చేరతారు, మత్తు డాక్టర్ స్టెత్ పెట్టి మామూలు కంటే కాసేపు ఎక్కువ వింటారు, ఎందుకైనా మంచిది ఒక ఎకో తీయించుకుని రండి అంటారు. తీయిస్తే రిపోర్టు కింద ఒక లైను: బైకస్పిడ్ అయోర్టిక్ వాల్వ్, మైల్డ్ ఏఆర్, అసెండింగ్ అయోర్టా 41 ఎంఎం. మనిషికి 38 ఏళ్లు అనుకోండి, మూడంతస్తులు ఎక్కినా ఆయాసం లేదు, గుండె అనేది ఒకటుందని ఇన్నేళ్లలో గుర్తొచ్చింది కూడా లేదు. ఇంకేముంది, ఇంటికెళ్లేలోపే ఫోన్ తీసి వెతుకుడు మొదలు. ఒకచోట ఈ వాల్వ్ ఉన్నవాళ్ల ఆయుష్షు అందరితో సమానమే అని ఉంటుంది, ఇంకోచోట అయోర్టిక్ వాల్వ్ ఇరుకై మార్పించుకున్నవాళ్లలో సగం మంది వీళ్లేనని, మరోచోట అయోర్టా, అంటే గుండె నుంచి రక్తం మోసుకెళ్లే పెద్ద గొట్టం, చీలిపోయే ప్రమాదం 8 రెట్లని. చదివినకొద్దీ భయం పెరుగుతుంది తప్ప ఏదీ తేలదు.

విచిత్రం ఏంటంటే ఈ మూడూ నిజమే. ఒకదానికొకటి అడ్డం కూడా కాదు. ఒక్కో లెక్క ఒక్కో గుంపుని ముందు పెట్టుకుని వేసింది, అంతే తేడా. బీఏవీ, అంటే ఈ రెండు రేకుల బైకస్పిడ్ అయోర్టిక్ వాల్వ్ మీద జరిగిన పరిశోధన మొత్తం చూస్తే మందుల కంటే, మెషీన్ల కంటే, ఎవర్ని లెక్కలోకి తీసుకున్నారు ఎవర్ని వదిలేశారు అన్నదే ఎక్కువసార్లు ట్రీట్‌మెంట్‌ని మార్చింది.

ముందు వాల్వ్ సంగతి. గుండె ఎడమ గది నుంచి ఒంటికంతటికీ రక్తం బయటికెళ్లే గుమ్మం దగ్గర తలుపే అయోర్టిక్ వాల్వ్. మామూలుగా దానికి మూడు రేకులు, రోజుకి సుమారు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. బిడ్డ కడుపులో ఉండగానే రెండు రేకులు విడిపోకుండా కలిసి ఒక్కటిగా తయారైతే అది బైకస్పిడ్. నూటికి 70, 80 మందిలో కుడి, ఎడమ కరొనరీ రక్తనాళాలు మొదలయ్యే వైపు రేకులు రెండూ కలిసిపోయి ఉంటాయి, ఆ అతుకు దగ్గర కుట్టేసినట్టు ఒక గట్టి గీత ఉంటుంది, దాన్ని రేఫీ అంటారు. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని పడుతుంది. ఇలాంటి వాల్వ్ గుండ్రంగా కాకుండా చేప నోరులా తెరుచుకుంటుంది. చిన్నప్పుడు ఏమీ తెలియదు. కానీ మూడు రేకులు పంచుకోవాల్సిన బరువు రెండే మోస్తున్నాయి కాబట్టి అరుగుదల ముందే వస్తుంది, మామూలు వాల్వ్‌కి 70, 80 ఏళ్లకి పట్టే క్యాల్షియం దీనికి 50, 60 ఏళ్లకే పట్టేస్తుంది, కొందరికి ఇంకా ముందే. కొందరిలో ఇరుకవ్వడం కాదు, రేకులు సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది, రిపోర్టులో ఏఆర్ అని రాసేది అదే. దీనికి తోడు వాల్వ్ పైన ఉండే అయోర్టా గొట్టం కూడా చాలామందిలో వెడల్పవుతూ వస్తుంది. రిపోర్టులో ఆ 41 దాని గురించే.

ఇది కొత్తగా పుట్టుకొచ్చిన జబ్బేం కాదు. లియొనార్డో డావిన్సీ 500 ఏళ్ల కిందట శవాలు కోసి గీసుకున్న గుండె బొమ్మల్లోనే రెండు రేకుల వాల్వ్ ఉంది. 1886లో విలియం ఆస్లర్ ఈ వాల్వ్ మీద ప్రత్యేకంగా ఒక పేపర్ రాసి, దీనికి ఇన్ఫెక్షన్ పట్టే గుణం ఎక్కువని గమనించాడు. అప్పట్లో గుండెని బతికుండగా చూసే దారి లేదు కదా, పోస్ట్‌మార్టం టేబుల్ మీదకి వచ్చిన గుండెలే ఆధారం. అంటే లెక్కలోకి వచ్చినవాళ్లంతా చనిపోయినవాళ్లు. అలా చూస్తే ఏ జబ్బైనా భయంకరంగానే కనిపిస్తుంది.

తర్వాత గుండె ఆపరేషన్ల కాలం వచ్చింది, శవాల బదులు ఆపరేషన్‌లో కోసి తీసిన వాల్వులు చేతికొచ్చాయి. 2005లో అమెరికాలో డాలస్‌కి చెందిన విలియం రాబర్ట్స్, అయోర్టిక్ వాల్వ్ ఇరుకైపోయి మార్పించుకున్న 932 మంది వాల్వులు పరిశీలించి లెక్క చెప్పాడు: 49 శాతం బైకస్పిడ్, ఇంకో 5 శాతం అసలు ఒకటే రేకు ఉన్నవి. జనంలో నూటికి ఒకరిద్దరికి ఉండే లోపం ఆపరేషన్ టేబుల్ మీద సగం మందిలో కనిపించింది. "సగం మంది వీళ్లే" అన్న మాట ఇలాంటి లెక్కల నుంచి వచ్చిందే. ఆపరేషన్‌కి వచ్చినవాళ్లలో సగం మందికి బీఏవీ ఉంది అనడం వేరు, బీఏవీ ఉన్నవాళ్లలో సగం మందికి ఆపరేషన్ పడుతుంది అనడం వేరు, కానీ చదివేవాళ్లకి రెండూ ఒకేలా వినిపిస్తాయి.

అసలు జవాబు రావాలంటే జబ్బు ముదరక ముందే, ఊళ్లో మామూలుగా తిరిగేవాళ్లని పట్టుకుని ఏళ్ల తరబడి చూడాలి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఓమ్‌స్టెడ్ కౌంటీ అని ఉంది, మేయో క్లినిక్ ఉన్న చోటు, అక్కడి జనం మెడికల్ రికార్డులు దశాబ్దాలుగా ఒకచోట ఉన్నాయి. హెక్టర్ మిచెలెనా బృందం అక్కడ బీఏవీ ఉండి వాల్వ్ బాగానే పనిచేస్తూ ఏ లక్షణాలూ లేని 212 మందిని వెనక్కి వెళ్లి వెతికింది. 2008లో ఇచ్చిన ఫలితం: 20 ఏళ్ల తర్వాత 90 శాతం మంది బతికే ఉన్నారు, చుట్టుపక్కల మామూలు జనంతో సమానంగా. అదే ఏడాది టొరంటో నుంచి 642 మంది లెక్క వచ్చింది, సగటు వయసు 35, 10 ఏళ్లకి 96 శాతం మంది బతికున్నారు, అక్కడా మామూలు జనంతో తేడా లేదు. దీన్ని చూసి హమ్మయ్య అనుకోవడంలో తప్పు లేదు గానీ పక్క పేజీ కూడా చదవాలి. మిన్నెసోటాలో అదే 20 ఏళ్లలో 24 శాతం మందికి వాల్వ్ ఆపరేషన్ పడింది, టొరంటోలో 9 ఏళ్లలోనే నాలుగో వంతు మందికి ఏదో ఒక గుండె సమస్య వచ్చింది. ఆయుష్షు తగ్గకపోవడానికి కారణం జబ్బు సాధువు కావడం కాదు, టైముకి చూసి టైముకి ఆపరేషన్ చేస్తున్నారు కాబట్టి. అక్కడ నిలబడ్డ ఆయుష్షు ఫాలోఅప్‌తో కలిపి నిలబడ్డది, రిపోర్టు బీరువాలో పెట్టి మర్చిపోయినవాళ్ల గురించి ఆ 90 శాతం ఏమీ చెప్పదు.

ఇంకా వెనక్కి వెళ్తే పుట్టుక దగ్గరికే వెళ్లాలి, డెన్మార్క్ వాళ్లు ఆ పనీ చేశారు. కోపెన్‌హాగన్ బేబీ హార్ట్ స్టడీలో 25,556 మంది పసిపిల్లలకి ఎకో తీశారు. 2021లో వచ్చిన ఆ లెక్క ప్రకారం 0.77 శాతం మందికి బీఏవీ, అంటే వెయ్యికి ఎనిమిది మంది లోపు, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో రెట్టింపు. అదే నిష్పత్తి మన దగ్గరా ఉంటే 2011 సెన్సస్ నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 8.46 కోట్ల జనాభాలో ఆరున్నర లక్షల మందన్నమాట. ఈ స్టడీలో అసలు ఆశ్చర్యం ఇంకొకటి ఉంది: బీఏవీ ఉన్న ఆ పసివాళ్లలో మూడో వంతు మందికి అయోర్టా అప్పటికే మామూలు కంటే వెడల్పుగా ఉంది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, అయోర్టా ఎందుకు ఉబ్బుతుంది అన్నదాని మీద దశాబ్దాలుగా రెండు వర్గాలున్నాయి. పుట్టుకతోనే వాల్వూ గోడా రెండూ లోపంతో తయారవుతాయి, అంతా జీన్స్ మహిమ అని ఒక వర్గం. కాదు, చేప నోరు లాంటి వాల్వ్‌లోంచి రక్తం పక్కకి చిమ్మి, పైపు నీళ్లు ఒకేచోట కొడుతుంటే గోడ చివికినట్టు, అయోర్టా గోడ ఒక వైపు బలహీనపడుతుందని రెండోది. మొదటి వర్గానికి 2005లో పెద్ద ఆధారం దొరికింది, విదు గర్గ్, దీపక్ శ్రీవాస్తవ వాళ్ల బృందం వాల్వ్ జబ్బు ఉన్న కుటుంబాల్లో నాచ్1 అనే జీన్‌లో లోపం పట్టుకుంది. ఆ తర్వాత స్మాడ్6, గాటా4, రోబో4 అని ఇంకొన్ని బయటపడ్డాయి, కానీ ఇవన్నీ కలిపినా కొద్దిమంది పేషెంట్ల సంగతే తేలుతుంది. రెండో వర్గం 4డీ ఫ్లో ఎంఆర్ఐ తీసుకొచ్చింది, రక్తం ఏ దిక్కున ఎంత జోరుగా గోడని రాస్తోందో రంగుల్లో చూపించే స్కాన్ అది. 2015లో కెనడా, అమెరికా డాక్టర్లు ఆపరేషన్‌కి ముందు ఈ స్కాన్ తీసి, ఆపరేషన్‌లో కోసి తీసిన అయోర్టా ముక్కల్ని దాంతో పోల్చి చూశారు. ఎక్కడ రాపిడి ఎక్కువగా ఉందో సరిగ్గా అక్కడే గోడలో సాగే గుణం ఇచ్చే ఎలాస్టిన్ పోగులు పలచబడి ఉన్నాయి. ఒకే మనిషి, ఒకే జీన్స్, ఒకే అయోర్టా, కానీ రక్తం చిమ్మి తగిలే వైపు పాడై పక్క వైపు బాగుంది. చేసింది 20 మంది మీదే అయినా తోసిపుచ్చడం కష్టం. మరి పసిపిల్లల సంగతో అంటే, కడుపులో ఉన్నప్పుడూ ఆ వాల్వ్‌లోంచే రక్తం వెళ్తుంది కదా అని రెండో వర్గం అంటుంది! ఇద్దరి మాటలోనూ పస ఉంది, బహుశా ఒక్కో మనిషిలో ఒక్కోటి ఎక్కువపాళ్లు ఉంటుంది.

ఈ గొడవ ల్యాబ్‌లోనే ఉండిపోతే ఫర్వాలేదు, కానీ దీని మీదే కత్తి పట్టుకునే లెక్క ఆధారపడింది. అయోర్టా గోడే లోపం అనుకున్న రోజుల్లో బీఏవీని మార్ఫన్ సిండ్రోమ్‌కి తమ్ముడిలా చూశారు, మార్ఫన్ అంటే పొడుగ్గా సన్నగా ఉండి అయోర్టా చిన్న వయసులోనే చీలిపోయే జన్యు జబ్బు. దాంతో 5 సెంటీమీటర్లకే, కొన్నిచోట్ల అంతకంటే ముందే, గొట్టం కోసి డాక్రాన్ అనే గుడ్డతో చేసిన కృత్రిమ గొట్టం వేసేయడం మొదలైంది. తర్వాత మిన్నెసోటా వాళ్లే 2011లో 416 మందిని సగటున 16 ఏళ్లు చూసిన లెక్క బయటపెట్టారు. అయోర్టా చీలింది ఇద్దరికి! మామూలు జనంతో పోలిస్తే 8.4 రెట్లు ఎక్కువ, అది నిజం, ఆ 8 రెట్ల మాట ఇక్కడిదే. కానీ అదే పేపర్లో దాని పక్కనే ఉన్న లెక్క: 10,000 మందిని ఏడాదిపాటు చూస్తే ముగ్గురు. చాలా అరుదైన దాన్ని 8 పెట్టి గుణించినా అరుదుగానే ఉంటుంది. అయితే మొదట్లోనే అయోర్టా బాగా ఉబ్బి ఉన్నవాళ్లని విడిగా తీస్తే ఆ ముగ్గురు కాస్తా 45 మంది అయ్యారు, 50 దాటినవాళ్లలో 17 మంది. ఒకే జబ్బు పేరు, లోపల మాత్రం ఇన్ని రకాల రిస్కులు.

మార్ఫన్ పోలికకి ఇంకో దెబ్బ 2015లో పడింది. న్యూయార్క్ రాష్ట్రం రికార్డుల్లో వాల్వ్ మార్పించుకున్న వేల మందిని తీసి 15 ఏళ్ల లెక్క చూశారు. అయోర్టా చీలినవాళ్లు మార్ఫన్‌లో 5.5 శాతం, బీఏవీలో 0.55, మామూలు మూడు రేకులవాళ్లలో 0.41. బీఏవీ ఎవరి తమ్ముడో అక్కడ తెలిసిపోయింది. అప్పటికే 2014లో అమెరికా గైడ్‌లైన్స్ ఆపరేషన్ హద్దుని 5.5 సెంటీమీటర్లకి జరిపాయి. ఇప్పుడు నడుస్తున్నది ఇంచుమించు ఇలా ఉంది: 5.5 దాటితే అందరికీ ఆపరేషన్, ఇంట్లో ఎవరికైనా అయోర్టా చీలిన చరిత్ర ఉన్నా, గొట్టం చకచకా పెరుగుతున్నా, పుట్టుకతో అయోర్టా నొక్కుకుపోయి ఉండే కోఆర్క్టేషన్ ఉన్నా 5 దగ్గరే, వాల్వ్ కోసం ఎలాగూ ఛాతీ తెరుస్తుంటే 4.5 ఉన్నా దాన్నీ మార్చేయడం.

మన దగ్గరకొచ్చేసరికి ఒక చిక్కుంది ఇందులో. ఈ సెంటీమీటర్లన్నీ ఎక్కువగా పొడుగ్గా ఉండే తెల్లజాతి మగవాళ్ల గుంపుల నుంచి వచ్చాయి. ఐదడుగుల ఆవిడకీ ఆరడుగుల ఆయనకీ ఒకే టేపు పెట్టి కొలిస్తే ఎలా? అందుకే 2022 అమెరికా గైడ్‌లైన్స్‌లో ఎత్తుని కూడా కలిపిన లెక్క చేర్చారు: అయోర్టా అడ్డకోత వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో తీసి ఎత్తు మీటర్లతో భాగించండి, 10 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచించడం సమంజసం. చేసి చూద్దాం. అయోర్టా 4.5 సెంటీమీటర్లుంటే వైశాల్యం సుమారు 15.9. ఐదడుగుల ఆవిడ ఎత్తు 1.52 మీటర్లు, భాగిస్తే 10.5 వస్తుంది, హద్దు దాటేసింది. ఆరడుగుల ఆయనది 1.83 మీటర్లు, ఆయనకి 8.7, ఇంకా చాలా దూరం ఉంది. ఒకటే 4.5, కానీ ఒకళ్లకి సర్జన్ దగ్గరికి వెళ్లే టైము, ఇంకొకళ్లకి వచ్చే ఏడాది మళ్లీ రండి. మన ఆడవాళ్ల ఎకో రిపోర్టు మీద ఎత్తు రాసి ఉండాలన్నది అందుకే.

ఇంకో చిన్న విషయం. పోయినేడు 41, ఈ ఏడు 43 వచ్చిందని నిద్రపట్టనివాళ్లు చాలామంది ఉంటారు. ఎకోలో గీత ఎక్కడ్నించి ఎక్కడికి గీశారు, గుండె ముడుచుకున్నప్పుడా వదులైనప్పుడా అన్నదాన్ని బట్టే రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. సగటున అయోర్టా పెరిగేది ఏడాదికి ఒక మిల్లీమీటర్ లోపే. ఒకసారి సీటీనో ఎంఆర్ఐనో తీయించి దాన్ని ఆధారంగా పెట్టుకోవడం, తర్వాత ఎప్పుడూ ఒకే రకం స్కాన్‌ని దానితో పోల్చడం తెలివైన పద్ధతి.

మందుల సంగతి తొందరగానే అయిపోతుంది, ఎందుకంటే ఉన్నది నిరాశే. రేకులకి క్యాల్షియం పట్టడం చూడ్డానికి కరొనరీ నాళాల్లో కొవ్వు పేరుకోవడంలానే ఉంటుంది కాబట్టి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఆపుతాయని గట్టిగా ఆశ పెట్టుకున్నారు. 2005లో సాల్టైర్, 2008లో సీస్, 2010లో కెనడా వాళ్ల ఆస్ట్రోనోమర్, మూడు ట్రయల్సూ వరసగా పోయాయి. ఆస్ట్రోనోమర్‌లో ఉన్న 269 మందిలో ఇంచుమించు సగం బైకస్పిడ్ వాళ్లే, కాబట్టి "మా గుంపు మీద ట్రై చేయలేదు కదా" అనే సాకు కూడా లేదు. కొలెస్ట్రాల్ ఉంటే దానికోసం వేసుకోవాలి, వాల్వ్ కోసం పనికిరాదు. మిగిలింది బీపీ అదుపులో పెట్టుకోవడం, సిగరెట్ మానడం, పళ్లూ చిగుళ్లూ శుభ్రంగా ఉంచుకోవడం, ఆస్లర్ చెప్పిన ఇన్ఫెక్షన్ ఇప్పటికీ చాలాసార్లు నోటి బ్యాక్టీరియాతోనే వస్తుంది.

వేసుకోకూడనిది మాత్రం ఒకటుంది, మన దగ్గర ఎక్కువగా చెప్పాల్సింది అదే. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్స్ అయోర్టా ఉబ్బు ఉన్నవాళ్లలో గోడ చీలే ప్రమాదాన్ని పెంచుతున్నాయని, వేరే దారి ఉంటే ఇవి వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2018 డిసెంబర్‌లో హెచ్చరించింది. మన మెడికల్ షాపులో విరేచనాలంటే చీటీ లేకుండానే చేతిలో పెట్టేది ఓఫ్లాక్సాసిన్ ఉన్న మాత్ర. షాపతనికి అయోర్టా సంగతి తెలియదు, కొనుక్కునేవాడే చెప్పాలి.

ఇక వాల్వ్ మార్చాల్సిన రోజు వస్తే ఏది పెట్టించుకోవాలి అన్నది బీఏవీ వాళ్లకి మిగతావాళ్ల కంటే కష్టమైన ప్రశ్న, కారణం వయసు. 75 ఏళ్లకైతే పశువుల కణజాలంతో చేసిన వాల్వ్ పెట్టేస్తే దాని జీవితమూ మనిషి జీవితమూ సరిపోతాయి. 45 ఏళ్ల మనిషికి అదే పెడితే పదీ పదిహేనేళ్లకి అది అరిగి మళ్లీ ఛాతీ తెరవాలి. మెటల్ వాల్వ్ అరగదు, తిరువనంతపురం శ్రీచిత్ర ఇన్‌స్టిట్యూట్‌లో ఎం.ఎస్. వలియాతన్ పూనుకుని తయారుచేసిన చిత్ర వాల్వ్ 1990 డిసెంబర్‌లో మొదటిసారి ఒక పేషెంట్‌కి అమర్చారు, బయటి దేశాల వాల్వుల ఖరీదు భరించలేని ఎంతోమంది గుండెల్లో ఇవాళ ఆడుతున్నది అదే. ఆరోగ్యశ్రీలో వాల్వ్ మార్పిడి ఉండడం వల్ల తెలుగు రాష్ట్రాల్లో పేద పేషెంట్లకి ఆపరేషన్ వరకు దారి దొరికింది. దారి అక్కడితో ఆగదు గానీ. మెటల్ వాల్వ్ అంటే జీవితాంతం రక్తం పలచన చేసే ఎసిట్రామో వార్ఫరినో, రక్తం గడ్డకట్టే తీరు చూసే పీటీ ఐఎన్ఆర్ టెస్టు నెలనెలా. గోంగూర, తోటకూర, పాలకూర మానేయమని చాలామందికి చెబుతుంటారు, అసలు మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకేలా తింటే డోసు దానికి సర్దుకుంటుంది, నెలంతా ముట్టకుండా ఉండి పండక్కి ఊరెళ్లి నాలుగు రోజులు ఆకుకూర పప్పే తింటే ఐఎన్ఆర్ పడిపోతుంది. ఈ టెస్టుల బాధ లేని కొత్త మాత్రలు పనికొస్తాయేమోనని చూశారు, 2013లో డాబిగాట్రాన్ ట్రయల్ దెబ్బతింది, 2022లో ఎపిక్సాబాన్‌ది మధ్యలోనే ఆపేశారు, మాత్ర మీదున్నవాళ్లకి రక్తపు గడ్డలు ఎక్కువయ్యాయి.

మూడో దారి 1967లో డొనాల్డ్ రాస్ మొదలుపెట్టిన ఆపరేషన్, పేషెంట్ సొంత ఊపిరితిత్తుల వైపు వాల్వ్ కోసి అయోర్టిక్ వాల్వ్ చోట పెట్టి, ఖాళీ అయిన చోట చనిపోయినవాళ్ల నుంచి తీసిన వాల్వ్ పెడతారు. రక్తం పలచన చేసే మాత్రలు అక్కర్లేదు, సొంత కణజాలం కాబట్టి బాగా పనిచేస్తుంది, బాగా చేసే సర్జన్ల దగ్గర కుర్రవాళ్లలో చక్కటి ఫలితాలు వచ్చాయి. ఇబ్బంది ఏంటంటే ఒక వాల్వ్ జబ్బుని రెండు వాల్వుల జబ్బు చేసుకోవడమే. బీఏవీతో పుట్టిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ కథ అందరికీ తెలిసిందే, ఆయనే చెప్పుకున్నాడు: 1997లో ఈ రకం ఆపరేషన్, 2018లో ఊపిరితిత్తుల వైపు వాల్వ్ మార్పిడి, 2020లో అయోర్టిక్ వాల్వ్ మళ్లీ. అలా అని ఫెయిల్ అనలేం, మధ్యలో 20 ఏళ్లు గవర్నర్‌గిరీతో సహా అన్నీ చేశాడు. రేకులు ఇరుకవ్వకుండా లీకు మాత్రమే ఉన్నవాళ్లకి వాల్వ్ మార్చకుండా కుట్టి బాగుచేసే దారీ ఉంది, జర్మనీలో హోంబర్గ్‌కి చెందిన షేఫర్స్ రేకు ఎంత ఎత్తున మూసుకోవాలో ఆపరేషన్‌లోనే కొలిచే చిన్న కొలబద్ద తయారుచేశాక ఆ పని చేతి అంచనా నుంచి లెక్కలోకి వచ్చింది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న, ఛాతీ కోయకుండా తొడ దగ్గర నుంచి వైరు మీద వాల్వ్ ఎక్కించే టావి కుదురుతుందా అని. ఇందులో ఒక తమాషా ఉంది. 2002 ఏప్రిల్ 16న ఫ్రాన్స్‌లో రువాన్‌లో అలెన్ క్రిబియే ప్రపంచంలో మొట్టమొదటి టావి చేసిన పేషెంట్ 57 ఏళ్ల మనిషి, చావు అంచుల్లో ఉన్నాడు, సర్జన్లు మేం చేయలేం అన్నారు, అతనిది బైకస్పిడ్ వాల్వే. వాల్వ్ పనిచేసింది, నాలుగు నెలల తర్వాత వేరే కారణాలతో పోయాడు. అలా బీఏవీ పేషెంట్‌తో మొదలైన చికిత్స ఆ తర్వాత నడిచిన పెద్ద ట్రయల్స్ అన్నిట్లోనూ బీఏవీ వాళ్లని గుమ్మం బయటే ఆపేసింది. 2019లో తక్కువ రిస్కు పేషెంట్లలో కూడా టావి ఆపరేషన్‌కి దీటుగా ఉందని పార్ట్‌నర్ 3, ఎవల్యూట్ ట్రయల్స్ చెప్పాయి చూడండి, వాటిలో బీఏవీ ఉంటే చేర్చుకోలేదు. కారణాలు అర్థమయ్యేవే: గుండ్రటి ఫ్రేమ్ కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గుమ్మంలో పూర్తిగా విచ్చుకోదు, పక్కనుంచి లీకవుతుంది, గట్టిపడ్డ రేఫీ ఒక వైపు నెడుతుంది, పైగా అయోర్టా ఉబ్బి ఉంటే టావి దాన్ని ముట్టుకోలేదు. గుమ్మం పెద్దదిగా ఉండడం కూడా మామూలే, గుజరాత్‌లో వాపి దగ్గర మెరిల్ కంపెనీ తయారుచేసే మైవాల్ అనే టావి వాల్వ్ 30.5, 32 ఎంఎం సైజుల్లో కూడా రావడం ఇలాంటివాళ్లకి ఉపయోగపడుతోంది.

ట్రయల్ లేకపోయినా డాక్టర్లు ఆగలేదు, చేస్తూనే పోయారు, టావి చేయించుకున్నవాళ్ల వివరాలు నమోదుచేసే అమెరికా రిజిస్ట్రీలో పేర్లు పోగయ్యాయి. సెడార్స్ సైనాయ్‌కి చెందిన రాజ్ మక్కర్ 2019లో అందులోంచి 2,691 మంది బీఏవీ వాళ్లని, అన్ని విధాలా వాళ్లకి సరిపోయే అంతేమంది మూడు రేకులవాళ్లతో జతకట్టి పోల్చాడు. ఏడాదికి మరణాలు బీఏవీలో 10.5 శాతం, మూడు రేకులవాళ్లలో 12 శాతం, ఏమీ తేడా లేదు. నెలలోపు పక్షవాతం మాత్రం 2.5, 1.6, బీఏవీ వైపే ఎక్కువ. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ రిజిస్ట్రీలో ఉన్నవాళ్లు ఎవరు? "నీ వాల్వ్ ఆకారం టావికి బాగుంది" అని సీటీ చూసి డాక్టర్ ఎంచుకున్నవాళ్లు. బాగోలేనివాళ్లు ఎప్పుడో సర్జన్ దగ్గరికి వెళ్లిపోయారు, వాళ్లు ఈ లెక్కలో లేరు. పైగా పోల్చింది టావి చేయించుకున్న ఇంకొకళ్లతో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లతో కాదు. మరుసటి ఏడాది 1,034 మంది సీటీలు ముందేసుకుని చూస్తే గుట్టు బయటపడింది: రేఫీకీ రేకులకీ రెండిటికీ క్యాల్షియం బాగా పట్టినవాళ్లలో రెండేళ్లలో 25.7 శాతం మంది పోయారు, రెండూ లేనివాళ్లలో 5.9 శాతం. అందర్నీ కలిపి సగటు తీస్తే ఈ పాతిక శాతం అందులో కలిసిపోయి కనబడదు.

చీటీ తీసినట్టు సగం మందికి ఇది సగం మందికి అది చేసిన ట్రయల్‌లో బీఏవీ వాళ్లు ఉన్నది డెన్మార్క్ నుంచి నడిచిన నోషన్-2లో, 75 ఏళ్లు దాటని తక్కువ రిస్కువాళ్లు 370 మంది, అందులో బీఏవీ 100 మంది. 2024లో ఫలితం చెప్పారు. మరణం, పక్షవాతం, మళ్లీ హాస్పిటల్లో చేరడం మూడూ కలిపి ఏడాదికి చూస్తే, మూడు రేకులవాళ్లలో టావికి 8.7 శాతం, ఆపరేషన్‌కి 8.3, సమానం. బీఏవీలో టావికి 14.3, ఆపరేషన్‌కి 3.9. ఈ రెండంకెలు సర్జన్ల మీటింగుల్లో స్లైడ్ల మీదకి ఎక్కేశాయి. శాతాలు తీసేసి మనుషుల్ని లెక్కపెడితే టావి వైపు ఏడుగురు, ఆపరేషన్ వైపు ఇద్దరు. ఇద్దరు అటు నుంచి ఇటు మారితే కథ మారిపోయే లెక్క ఇది, ట్రయల్ చేసినవాళ్లు కూడా దీని మీద ఇంకా పరిశోధన కావాలనే రాశారు. అయినా సరే, రిజిస్ట్రీలో వేల మంది చెప్పనిది ఈ 100 మంది చెబుతున్నారు, ఎందుకంటే ఎవరికి ఏది చేయాలో ఇక్కడ డాక్టర్ ఎంచుకోలేదు. 50, 60 ఏళ్ల మనిషికి, అయోర్టా కూడా ఉబ్బి ఉంటే, ఆపరేషన్ మొదటి మాటగా ఉండాలన్న వాదన దీనితో బలపడింది. 80 దగ్గర పడిన, ఊపిరితిత్తులు బాగోలేని పెద్దాయనకి, రేఫీ మరీ గట్టిపడకపోతే, టావి ఇవాళ మామూలుగానే చేస్తున్నారు.

మొదట్లో చెప్పుకున్న హెర్నియా మనిషికి ఇవేవీ ఇప్పుడు అక్కర్లేదు. ఆయన హెర్నియా ఆపరేషన్ చేయించుకోవచ్చు, ఒక సీటీ తీయించుకుని 41 నిజంగా 41ఏనా చూసుకుంటారు, ఏడాదికోసారి ఎకో. రిపోర్టులో లేని పని ఒకటి మిగిలింది. బీఏవీ ఉన్నవాళ్ల తోబుట్టువుల్లో, పిల్లల్లో, తల్లిదండ్రుల్లో పదిమందికి ఒకరికి ఇదే వాల్వ్ ఉంటుంది, కొందరికి వాల్వ్ బాగుండి అయోర్టా మాత్రం ఉబ్బి ఉంటుంది. ఆయనకి ఒక తమ్ముడున్నాడనుకోండి, బాగానే ఉన్నాడు, నాకేం ఎకో అంటాడు. అన్న కూడా నిన్నటిదాకా బాగానే ఉన్నాడు.